చెప్పులు చూసి నమ్మిన వీధి

హైదరాబాద్ వెళ్లి మూడు రోజులుండి, చార్మినార్ చూడకుండా, గోల్కొండ ఎక్కకుండా, కనీసం ఒక ముత్యాల దండైనా బేరమాడకుండా తిరిగొచ్చానంటే మా రాజమండ్రిలో ఎవరూ నమ్మడం లేదు. "మరి ఏం చూసొచ్చావే?" అని అడిగింది మా పక్కింటి కామేశ్వరి. వీధి దీపాలు చూశాను, గేట్ల తాళాలు చూశాను, గుమ్మాల ముందు చెప్పులు చూశాను అన్నాను. ప్రయాణం బడలికలో నాకేదో అయిందనుకుని నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నిమ్మకాయ నీళ్లు తాగే ఓపిక లేక, అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

సంగతేమిటంటే, నేను పనిచేసే బ్యాంకు నన్ను ఆఫీసర్ని చేసి హైదరాబాద్ బదిలీ చేసింది. మా అమ్మాయి హారిక అప్పటికే అక్కడ ఇంజనీరింగులో చేరి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఉంటోంది. ఉంటోంది అనడం కన్నా భరిస్తోంది అనడం న్యాయం. రోజూ ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. ఆ "బాగానే" వింటే నాకు ముద్ద దిగేది కాదు. మావారికి ఇక్కడ రంగుల కొట్టు ఉంది, వారానికోసారి తప్ప రాలేరు. అంటే ఎల్బీనగర్ వైపు ఇల్లు తీసుకుంటే తల్లీకూతుళ్లం ఇద్దరమే. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది. పిల్ల ల్యాబులు ముగించుకుని ఎల్బీనగర్‌లో మెట్రో దిగేసరికి చీకటి పడుతుంది. అక్కణ్నుంచి ఇంటిదాకా ఒక్కతే నడవాలి. ఆ నడక నాకు నచ్చితే పిల్లకి హాస్టల్ చెర తప్పుతుంది. నచ్చకపోతే అది ఆ హాస్టల్లో, నేను ఇంకో హాస్టల్లో.

ఇక నేను ఎలాంటి మనిషినంటే, గ్యాసు కట్టేశానా లేదా అని బస్టాండు నుంచి ఆటో వెనక్కి తిప్పించే మనిషిని. కట్టేసే ఉంటుంది. అయినా ఒకసారి విప్పి మళ్లీ కడతాను. అలాంటి నేను, సెలవులు కలిసొచ్చాయి కదా అని దసరాకు ఇల్లు వెతకడానికి బయల్దేరాను. ఆ ముహూర్తం నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ఎల్బీనగర్ చౌరస్తా

విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులన్నీ తెల్లారేసరికి ఎల్బీనగర్‌లో మనల్ని దించేస్తాయి. పైన మెట్రో, దాని పక్కన ఫ్లైఓవరు, కింద మనం. ఎటు చూసినా స్తంభాలే. నా బ్యాగు నేల మీద ఆనక ముందే ఒక ఆటో వచ్చి కాళ్ల దగ్గర ఆగింది.

"ఏడికి పోవాలె మేడం?"

"దిల్‌సుఖ్‌నగర్ అండి. ఎంత తీసుకుంటారు?"

"నూటయాభై ఇయ్యుండ్రి."

"అమ్మో! మెట్రోలో ఇరవై రూపాయలేనటగా?"

"మెట్రో మీ బ్యాగు మోస్తదా మేడం?"

వందకు కుదిరింది. దారిలో నా పరీక్ష మొదలుపెట్టాను. "ఈ చుట్టుపక్కల ఆడవాళ్లు చీకటి పడ్డాక తిరగొచ్చా బాబూ? భయమేం లేదు కదా?"

"భయమేంది మేడం? మేం భయపడేది ఒక్క చలాన్లకే," అన్నాడతను. అంతలోనే ఎదురుగా వచ్చే లారీ ముందు నుంచి ఆటోను అడ్డంగా తిప్పాడు. అతని ధైర్యం గురించి నాకిక అనుమానం మిగల్లేదు. నా గురించే నాకు బెంగ పట్టుకుంది.

దిల్‌సుఖ్‌నగర్, హాస్టలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశం కన్నా బోర్డులు ఎక్కువ. ఏ మేడ చూసినా నాలుగు కోచింగ్ సెంటర్లు, వాటి నెత్తిన రెండు హాస్టళ్లు. మా పిల్ల హాస్టల్లో తల్లులు అతిథులుగా ఉండొచ్చట, రోజుకు నాలుగొందలు, భోజనంతో కలిపి. ఆ భోజనంలో సాంబారు చూశాను. గిన్నె అడుగున చెక్కించిన హాస్టల్ పేరు ఆ సాంబారులోంచి అక్షరం పోకుండా చదువుకోవచ్చు.

హారిక చిక్కిపోయింది. నేను చూస్తున్నానని తెలిసి చున్నీ నిండుగా కప్పుకుంది. "ఇదే ఫ్యాషనమ్మా ఇప్పుడు," అంది. తల దువ్వుకో ముందు, అని కసిరాను.

హాస్టలంతా బోసిగా ఉంది. "పిల్లలేరమ్మా?" అని వార్డెన్‌ను అడిగాను.

"పండుగకు ఊళ్లకు పోయిన్రు మేడం. ఇద్దరు ముగ్గురే ఉన్నరు," అందామె.

దసరాకు ఊళ్లకు వెళ్లడమేమిటి, అనుకున్నాను. మాకు దసరా అంటే గుళ్లో అమ్మవారి అలంకారాలు చూసి, పులిహోర ప్రసాదం తెచ్చుకోవడం. ఊరూరా బస్సులు క్రిక్కిరిసేది సంక్రాంతికి కదా. ఆ మాట అక్కడే పట్టుకుని ఆలోచించి ఉంటే నాకు చాలా ఆయాసం తప్పేది.

సాయంత్రం బయట రోడ్డంతా పూలే. ఆ రోజు సద్దుల బతుకమ్మ, అంటే పూలను గోపురంలా పేర్చి దాని చుట్టూ ఆడవాళ్లు ఆడే పండుగలో ఆఖరి రోజు. తంగేడు పూల కట్ట ముప్ఫై, గునుగు నలభై, బంతి కిలో నూటయాభై. మా కడియం తోటల్లో గంపలకు గంపలు కొనే డబ్బుకు ఇక్కడ గుప్పెడొచ్చింది. కొననుగాక కొనను అన్నాను. హారిక కొనేసింది.

టులెట్ బోర్డు

ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు వెళ్తుంటే లోపలికి తిరిగే ఒక వీధి. ఆ పూలతోనే ఇల్లు వెతుకుతూ అక్కడికి చేరాం. కాలనీ పేరు రాయను. రాస్తే కిరాయిలు పెరుగుతాయి. వీధి మొగలో వైన్ షాపు ఉంది. అది చూడగానే నా మనసులో సగం మార్కులు కొట్టేశాను. దాటితే సర్కారు తుమ్మ పొదలున్న ఖాళీ ప్లాటు, ఆ పక్కన ఇనుప చువ్వలు ఆకాశంలోకి లేచి ఆగిపోయిన అపార్టుమెంటు. మిగతా మార్కులు కూడా కొట్టేసి వెనక్కి తిరగబోతుంటే, "అమ్మా, అటు చూడు," అంది హారిక.

వీధంతా ఆడవాళ్లే. పట్టుచీరలు, మెడ నిండా బంగారం. ఒక్కరూ దాన్ని కొంగుతో కప్పుకోలేదు. వీధి మధ్యలో మనిషి నడుమెత్తు బతుకమ్మలు వరసగా పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. మావైపు అట్లతద్దికి ఉయ్యాలలూగడం తెలుసు గానీ, ఇంతమంది ఆడవాళ్లు నడివీధిని ఇలా సొంతం చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. స్కూటర్ల మీద వచ్చిన మగవాళ్లు మాట్లాడకుండా దిగి, బండి నెట్టుకుంటూ గోడ వారగా పోతున్నారు. ఆ దృశ్యం నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

టులెట్ బోర్డున్న గేటు దగ్గర యాభై దాటిన ఒకావిడ మమ్మల్ని చూసింది. పేరు ఆండాళు, వీధి మొత్తానికి అండాలక్క. వాళ్లాయన బస్సు డ్రైవరు. పై పోర్షను అద్దెకు.

"ఇల్లు చూడ్డానికొచ్చామండీ," అన్నాను.

"ఆంధ్రోళ్లా?"

కిరాయి పెంచడానికే అడుగుతోందనుకున్నాను. "తూర్పుగోదావరండీ, ఆయ్."

"మీకు దసర పెద్ద పండుగనా, సంక్రాంతా?"

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కులం అడుగుతారు, నీచు తింటారా అని అడుగుతారు, చుట్టాలెంతమంది వస్తారని అడుగుతారు. ఇదేం ప్రశ్న? "సంక్రాంతేనండీ," అన్నాను.

ఆవిడ ముఖం బతుకమ్మలా విచ్చుకుంది. "గట్లనా! అగో, నిలవడ్డరేంది, లోపటికి రాండ్రి."

రెండు గదులు, వంటిల్లు, గాలి, వెలుతురు. పన్నెండు వేలు. నీళ్లకు ఢోకా లేదట. చూడ్డం అయ్యాక మా చేతుల్లో నువ్వుల పొడి, పల్లీల పొడి, పెరుగన్నం పెట్టి, బిడ్డ ఏ హాస్టల్ల ఉంటది, వార్డెన్ పేరేంది, నువ్వు ఏ బ్యాంకు అని వరసగా అడిగింది. హారికను ఎవరో చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగేశారు. అందరూ వంగినప్పుడు ఇది లేచి, అందరూ లేచినప్పుడు ఇది వంగి, పడీపడీ నవ్వింది. హాస్టల్లో చేరాక దాని నవ్వు నేను చూడటం అదే మొదలు. తెచ్చిన తంగేడు పూలు వాళ్ల బతుకమ్మ మీద పెట్టింది.

"రేపు చీకటి పడే వేళకు మళ్లీ వస్తామండీ. మెట్రో నుంచి పిల్ల నడిచి చూస్తుంది," అన్నాను.

"రాండ్రి. నేనేడికి పోత? ఈడనే ఉంట," అంది అండాలక్క. ఆ "ఈడనే ఉంట"లో ఏదో చిన్న నిట్టూర్పు వినిపించింది. ఆట అలసట అనుకున్నాను.

కర్మన్‌ఘాట్, నాగోల్, బడంగ్‌పేట్

మర్నాడు పొద్దున్నే ఆ వీధి మీదుగానే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి బయల్దేరాం. పగటి వెలుగులో నా పరీక్ష పెట్టుకున్నాను. నా సిద్ధాంతం ఇది: గుమ్మం ముందు చెప్పులుంటే ఇంట్లో మనుషులున్నట్టు. తీగ మీద బట్టలుంటే ఆడవాళ్లున్నట్టు. లోపల్నుంచి మాటలు వినిపిస్తే సంసారం సజావుగా ఉన్నట్టు. ఆ వీధిలో ప్రతి గుమ్మం ముందూ చెప్పులున్నాయి. ప్రతి డాబా మీదా చీరలు ఎగురుతున్నాయి. ఒక ఇంట్లో పాటలు కూడా వస్తున్నాయి. గేట్లకు లోపల్నుంచే తాళాలేసుకోవడం పట్నం అలవాటనుకుని, రెండిళ్ల బెల్లు నొక్కి చుట్టుపక్కల సంగతులు కనుక్కుందామనుకున్నాను గానీ ఎవరూ తలుపు తియ్యలేదు. రాత్రి ఆడి ఆడి పడుకున్నారు పాపం, అనుకుని జాలిపడ్డాను.

"నూటికి నూరూ వేసెయ్," అంది హారిక.

"తొంభై అయిదు. వైన్ షాపుకి అయిదు తీసేశాను."

గుళ్లో స్వామికి దణ్ణం పెట్టుకుని, గ్యాసు కట్టేసే మనిషిని కనుక, మిగతా ఇళ్లు కూడా చూశాను. నాగోల్‌లో కొత్త అపార్టుమెంటు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా పేరు, ఫోను నంబరు, వచ్చిన పని అడిగి, ఫొటో తీసి, ఓ ముద్రేసిన చీటీ ఇచ్చాడు. లిఫ్టులో ఎక్కినావిడ నేను నవ్వితే ఫోనులోకి చూసుకుంది. అయిదో అంతస్తులో అన్ని తలుపులూ మూసే ఉన్నాయి, ఒక్క గుమ్మం ముందూ చెప్పు లేదు. ఇరవై రెండు వేలు, మెయింటెనెన్స్ వేరే. "ఇక్కడ దొంగ రాలేడు," అంది హారిక. "మనం కిందపడినా ఎవరూ రారు," అన్నాను.

బడంగ్‌పేట్‌లో ఇల్లు బంగారంలా ఉంది, తొమ్మిది వేలే. కాకపోతే అక్కణ్నుంచి మెట్రోకి రావడమే ఒక ఊరు ప్రయాణం. ఇంటాయన మాత్రం, "పదేండ్లల్ల గీడికే మెట్రో ఒస్తది మేడం," అని ధైర్యం చెప్పాడు. అప్పటికి హారికకు పిల్లలు పుడతారు.

చీకటి నడక

చీకటి పడే వేళకు ఎల్బీనగర్ మెట్రో దగ్గర అసలు పరీక్ష మొదలైంది. హారిక ఒక్కతే ముందు నడవాలి. నేను వెనకాల, సంబంధం లేనట్టు, కొంచెం దూరంగా. "ఇదేం పిచ్చమ్మా!" అని గొణుగుతూనే బ్యాగు తగిలించుకుని నడిచింది. పెద్ద రోడ్డు దాటింది, మెడికల్ షాపు దాటింది, వీధిలోకి తిరిగింది. వైన్ షాపు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. నేను ఒక స్తంభం చాటున ఆగి, అది దాటేదాకా చూసి, మళ్లీ గబగబా నడిచాను.

ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వైన్ షాపు ముందు ఉడికించిన పల్లీల బండి పెట్టుకున్నావిడ.

"ఏందమ్మా, గా పిల్ల ఎంబడి పడ్డవ్? రోడ్డు కాడి నుంచి జూస్తున్న. స్తంభాల సాటుకు దాక్కుంటున్నవ్."

"అయ్యో, అది మా అమ్మాయేనండీ!"

"నీ బిడ్డనైతే పక్కన నడువొచ్చు గద? ఓ పాపా! జర ఇటు రా! ఈమె ఎవరో నీకు ఎర్కనా?"

హారిక వెనక్కొచ్చి నన్ను తేరిపార చూసింది. ఆ దొంగ ముఖంది వెంటనే అవునని అనలేదు. "చూసినట్టే ఉంది," అంది. నా పరువు వైన్ షాపు ముందు పోయింది. పల్లీలావిడ నవ్వేదాకా చెయ్యి వదల్లేదు.

ఇక కలిసే నడిచాం. వీధిలో అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోయింది. నిన్న నిలబడటానికి చోటులేని వీధి ఇవాళ చీకటి గుయ్యారం. ఒక్క మనిషి లేడు. తుమ్మ పొదల దగ్గర దీపం వెలగడం లేదు. కుక్క ఒకటి లేచి మమ్మల్ని చూసి మళ్లీ పడుకుంది. గేట్లకు తాళాలు. చెప్పులు మాత్రం గుమ్మాల ముందు పొద్దుటిలాగే ఉన్నాయి. పొద్దుటిలాగా అంటే కాదు, వేరే వరసలో ఉన్నాయి. నా చెయ్యి హారిక చేతిని వెతుక్కుంది.

అప్పుడు ఎదురింట్లో లైటు వెలిగింది. గేటు దగ్గరగా వేసి ఉంది, లోపల ఎవరో కదులుతున్నారు. కాసేపటికి పక్కింట్లో వెలిగింది. ఆ పక్కింట్లో. తాళాలేసిన ఇళ్లలో ఒకదాని తరవాత ఒకటిగా దీపాలు వెలుగుతూ మా వైపే వస్తున్నాయి.

"దొంగ! దొంగ!" అని అరిచాను. నా గొంతులో అంత శబ్దముందని నాకే తెలియదు.

ఇళ్లలోంచి ఎవరూ రాలేదు. వైన్ షాపు దగ్గర్నుంచి వచ్చారు. ముందు పల్లీలావిడ చేతిలో జల్లిగరిటెతో, వెనక ముగ్గురు మగవాళ్లు. అందులో ఒకతను గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చాడు, చుక్క తొణకనివ్వలేదు. "ఏడున్నడు? ఏడున్నడు?" అని అందరూ గేటు మీద పడ్డారు.

గేటు తెరుచుకుని అండాలక్క బయటికొచ్చింది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో తలకాయంత తాళాల గుత్తి.

"ఏందుల్లా గీ లొల్లి?"

"దొంగ ఒచ్చిండట అక్కా," అన్నాడు గ్లాసతను.

అండాలక్క నన్ను చూసింది, గుత్తిని చూసుకుంది. "నేనే తియ్యి దొంగను," అంది. ఇక నవ్వులు ఆగలేదు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అండాలక్క సంసారాలు

అందరూ వెళ్లాక అండాలక్క మమ్మల్ని వెంటపెట్టుకుని మిగతా ఇళ్లకు దీపాలు పెడుతూ సంగతి చెప్పింది. ఆ వీధిలోవాళ్లంతా నల్గొండ దిక్కు పల్లెలవాళ్లు. సద్దుల ఆట ఇక్కడ ఆడి, మర్నాడు తెల్లారకముందే దసరాకు సొంతూళ్లకు పోతారు. ఊరి పొలిమేరలో జమ్మికి మొక్కి, ఆ ఆకు అన్నదమ్ముల చేతిలో, పెద్దల చేతిలో పెట్టకపోతే వాళ్లకు పండుగ కాదు.

"ఒకపారి అందరం పోయినం. ఒచ్చి జూస్తే రెండిండ్లు ఊడ్సిపెట్టిండ్రు. గప్పటి సంది ఒకరు ఉండాలె అనుకున్నం. మా ఆయన బస్సు డ్రైవరాయె. పండుగకు ఊళ్లను మోసేదే ఆయన. గాయిన లేనిది నేనేడ పోత? ఏటేట నేనే ఉంట."

"మరి ఈ చెప్పులూ?" అంది హారిక.

"పాతయి బిడ్డా. రోజు జాగ మారుస్త. ఒక్క తీరుగ ఉంటే దొంగలకు సమజైతది."

"డాబాల మీద చీరలు?"

"ఆరినయే తీసి మల్ల ఆరేస్త."

"పొద్దున పాటలు?"

"రేడియో."

నాకు ఒళ్లు మండింది. పొద్దున నేను వేసిన తొంభై అయిదు మార్కులూ, పొరుగువాళ్లకు కాదు, ఈవిడ ఒక్కతే నడిపిన నాటకానికన్నమాట. మొదటి రోజు చూసిన సందడి పండుగది, రెండో రోజు చూసిన సంసారాలు ఉత్తివి. ఇక నిజమైన వీధి ఏది? నా పిల్ల నడవాల్సిన మామూలు మంగళవారం నేను ఎక్కడ చూడాలి?

ఇల్లు వద్దులే అని హాస్టల్‌కి తిరిగొచ్చేశాం. హారిక ఆ సాంబారు అన్నంలో కలుపుకుని, తల వంచుకుని, మొత్తం తినేసింది. అది గొడవ చేసినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, కారంగా ఉందని చెప్పాను. ఆ సాంబారులో కారం ఉందంటే ఎవరు నమ్ముతారు?

దసరా

పొద్దున్నే అండాలక్క ఫోను. "పండుగ పూట హాస్టల్ తిండేంది? బగార అన్నం, మటను జేసిన. బిడ్డను తీస్కొని రా చెల్లె." మేడం కాస్తా రాత్రికి రాత్రే చెల్లెనయ్యాను. వెళ్లాం.

మా కోడిపలావు ఘుమఘుమ వేరు, ఆ బగారా అన్నం రుచి వేరు. మటను కారానికి హారిక ముక్కు ఎర్రబడింది, అయినా మారు వడ్డించుకుంది. తింటుంటే నేను ఉన్నమాట అడిగేశాను. "అక్కా, ఒక్క అబద్ధం చెప్పకుండా చెప్పండి. నా పిల్ల ఈ వీధిలో రోజూ చీకట్లో నడవగలదా?"

అండాలక్క గరిట పక్కన పెట్టింది. "పోయినేడు గా మూల మీద బండి మీదొచ్చి ఒకామె గొలుసు గుంజుకపోయిండ్రు. తుమ్మచెట్ల కాడ లైటు పెట్టుమని మున్సిపాలిటి ఆఫీసుకు తిరిగి తిరిగి నా చెప్పులరిగినయి, ఇంకా పెట్టలె. వైన్స్ కాడ ఒక్కోపారి లొల్లి అయితది. భయముండదని నేను చెప్ప చెల్లె. ఒక్కదాన్ని ఉండనియ్యం, గది మాత్రం చెప్త. నిన్న నువ్వు ఒర్లితే ఒచ్చిండ్రా లేదా?"

వచ్చారు. తాగుతూ తాగుతూ వచ్చారు. మూడు రోజులూ నేను చూసినవాటిలో పండుగకు పెట్టనిది, దొంగల కోసం సర్దనిది అదొక్కటే. పల్లీలావిడ నా చెయ్యి పట్టుకున్న చోట ఇంకా కొద్దిగా నొప్పిగా ఉంది.

"మరి నన్నొక మాట అడగనియ్యి," అంది అండాలక్క. "దసరకు నువ్వు ఈడ ఉంటవా?"

అప్పుడర్థమైంది మొదటి రోజు ప్రశ్న. ఇన్నేళ్లూ కిరాయికొచ్చినవాళ్లంతా దసరాకు ఊరికి పోయేవాళ్లే. ఈవిడకు కావలసింది దసరాకు ఊరు లేని మనిషి. నేను వీధికి పరీక్ష పెడుతున్నానని మురిసిపోతుంటే, గేటు దగ్గరే నాకు పరీక్ష పెట్టేసి, పాసు చేసి, అన్నం కూడా పెట్టింది.

"మా అన్నకు జమ్మి పెట్టక ఎన్నేండ్లాయెనో. యాదికొస్తే గుండెల కలుక్కుమంటది," అందావిడ, గిన్నె మీద మూత పెడుతూ. "మా ఊరు నకిరేకల్ అవుతల. మా ఆయన బస్సు ఇయ్యాల మూడు గొట్టంగ ఎల్బీనగర్‌ల ఆగుతది. ఏటేట గా బస్సు మావూరి ముంగటికెల్లే పోతది. నేను ఈడ చెప్పులు జరుపుకుంట కూసుంట."

నేను ఆలోచించుకుని చెబుతానందామని నోరు తెరిచాను. హారిక ముందే అంది. "ఇవాళ మేముంటాం పెద్దమ్మా. మీరు వెళ్లి రేపు పొద్దున వచ్చేయండి."

అండాలక్క నా ముఖంలోకి చూసింది. నేను హారిక ముఖంలోకి చూశాను. "ఇల్లు సంగతి తరవాత చెబుతానక్కా. ఇవాళ్టికి మాత్రం వెళ్లిరండి," అన్నాను.

ఆవిడ లేచి లోపలికెళ్లి, బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లి, కళ్లు తుడుచుకుని, చీర మార్చుకుంది. గుత్తి నా చేతిలో పెట్టింది.

"అదేమిటక్కా, ముక్కూమొహం తెలియనిదాన్ని, అలా ఇచ్చేస్తారా?"

"తెల్వదని ఎవరు జెప్పిండ్రు? మీ వార్డెన్ మా వదిన చెల్లెలి తోటికోడలు. మొన్ననే అడిగిన. నీ బ్యాంకుల పనిజేసే అటెండరు మా మూడో గల్లీ. ఆయన్నూ అడిగిపిచ్చిన. ఇవి గేట్లయి, ముంగటి అర్రలయి. బీరువలయి ఎవలయి ఆళ్లకాడనే ఉంటయి తియ్యి." మా ఇద్దరినీ గుత్తితో నిలబెట్టి ఫొటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "పైలం," అని మూడుసార్లు జాగ్రత్త చెప్పి మెట్రో వైపు దాదాపు పరుగెత్తింది. నాగోల్ సెక్యూరిటీ అతను ఈవిడ దగ్గర పాఠం నేర్చుకోవాలి.

గేటు దగ్గర

చీకటి పడే వేళకు నేనూ హారికా ఒక్కో ఇల్లూ తెరిచి దీపాలు పెట్టాం. చీరలు తీసి మళ్లీ ఆరేశాం. ఒక గుమ్మం ముందు హారిక మగవాళ్ల చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరినట్టు పెట్టింది. "ఇలా పెడితేనే నాన్న ఇంటికొచ్చినట్టుంటుంది," అంది. ప్రతి తాళమూ వేశాక రెండోసారి లాగి చూశాను. నా జబ్బు ఒక వీధికి పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. పల్లీలావిడ అటు పోతూ, "అక్క పోయిందా? నిమ్మలంగ ఉండుండ్రి, నేనీడనే ఉన్న," అని ఓ పొట్లం ఇచ్చి, డబ్బులిస్తే తిట్టింది. ఊరి నుంచి అండాలక్క ఫొటో పంపింది. జమ్మి చెట్టు కింద ఆవిడ, పక్కన తెల్లజుట్టు అన్నయ్య, ఇద్దరి చేతుల్లో ఆకులు.

అంతలో గేటు ముందు స్కూటరు ఆగింది. మొగుడూ పెళ్లాం, మధ్యలో నిద్రపోతున్న పిల్ల.

"ఇల్లు ఖాళీ ఉందా ఆంటీ?" అందా అమ్మాయి. నా జవాబు కోసం ఆగలేదు. కళ్లు వీధి వెంట పోతున్నాయి. దీపాలు చూసింది, డాబాల మీద చీరలు చూసింది. గుమ్మాల ముందు చెప్పులు ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"ఇక్కడ భయమేం లేదు కదా ఆంటీ?" అంది మెల్లగా.

"భయం ఉండదని చెప్పనమ్మా. ఒక్కదాన్ని మాత్రం ఉండనివ్వరు," అన్నాను.

ఆ అమ్మాయి ముఖం తేటపడింది. భర్త స్కూటరుకు స్టాండు వేశాడు. "ఒకసారి పైన చూడొచ్చా అండీ? బోర్డుంది కదా."

నిజమే, బోర్డు ఇంకా గేటుకు వేలాడుతోంది. తాళాల గుత్తి చంకన పెట్టుకుని, తీగ మెలిక విప్పి, బోర్డు తీసేశాను.

"ఖాళీ లేదమ్మా," అన్నాను. "మేం వచ్చేశాం."

వెనకాల హారిక రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తిన చప్పుడు వినిపించింది.